చదివింపుల పుస్తకం: మా ఊరి గ్రంథాలయం కోసం ఆరు నెలల డైరీ

ఆగస్టు 12

వారం లెక్క ఈ రాత్రికి తేలింది. ఆరు రోజుల్లో మా శాఖా గ్రంథాలయం గడప తొక్కినవారు 214 మంది. అందులో ఆడవాళ్లు 9 మంది. శుక్రవారం సెలవు కాబట్టి ఆరు రోజులే. ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా నేనూ, మా షాపులో పనిచేసే అమ్మాయీ వంతులవారీగా కూర్చుని తలలు లెక్కపెట్టాం. సంతకాల రిజిస్టరును నమ్ముకోలేదు. వచ్చినవాళ్లలో సగం మంది సంతకం చేయరు.

నా డీటీపీ సెంటరు గ్రంథాలయానికి ఎదురుగా, కాలువ వంతెన పక్కన ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ తలుపు తెరవడమూ మూయడమూ చూస్తున్నాను. నా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆ బల్లల దగ్గరే గడిచాయి. ఇప్పుడు గట్టి కుర్చీలు 11. మూడు ఫ్యాన్లలో ఒకటి తిరుగుతుంది. పిల్లల గదిలో విరిగిన సామాను పేర్చి తాళం వేశారు. ఆడవాళ్ల మరుగుదొడ్డికి తలుపు లేదు. లైబ్రేరియన్ గారు ఒక్కరే రెండు ఊళ్ల గ్రంథాలయాలు చూసుకోవాలి. ఆయనను తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఉన్న కొద్ది వనరులతో తాళం పడకుండా కాపాడుతున్నది ఆయనే.

ఈ రోజు మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారి జయంతి. ఆయన 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అని. మా బీరువాల్లో దాదాపు 9 వేల పుస్తకాలున్నాయి. వాడుకునేవాళ్లు కావాలి. ఆ మాట మీదే ఈ సాయంత్రం అయిదుగురం కూర్చున్నాం: నేను, రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, మందుల షాపు యజమాని, గ్రూప్స్‌కు చదువుతున్న ఒక అమ్మాయి, రోజూ పొద్దున్నే పేపరు చదవడానికి వచ్చే ఒక రైతు. నవంబరు 14న జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేలోగా గదిని మనుషులు కూర్చునేలా చేయాలని అనుకున్నాం. ఎంత కావాలో, ఎవరిని అడగాలో ఇంకా తెలియదు.

ఆగస్టు 29

మొదటి ప్రయత్నం ఫలించలేదు. ఎందుకో వివరంగా రాసుకుంటున్నాను, మళ్లీ అదే దారిలో నడవకుండా.

పది రోజుల కిందట బస్టాండులో ఒకటి, సంత దగ్గర ఒకటి ఫ్లెక్సీలు కట్టాం. ‘గ్రంథాలయ అభివృద్ధికి విరివిగా విరాళాలు ఇవ్వండి’ అని పెద్ద అక్షరాలు, కింద మా అయిదుగురి ఫోన్ నంబర్లు. రాసింది, అచ్చు వేసింది నేనే. పది రోజుల్లో వచ్చినవి ఏడు ఫోన్లు. చేతికి అందినది 1,100 రూపాయలు. డబ్బు తక్కువ వచ్చినందుకు బాధ లేదు. ఆ ఏడుగురిలో నలుగురు అడిగిన ప్రశ్న ఒకటే: “మన ఊళ్లో లైబ్రరీ ఇంకా ఉందా అమ్మా?”

ఆ ప్రశ్న విన్నాక ఫ్లెక్సీలు నేనే విప్పించాను. ఉందో లేదో తెలియని దానికి ఎవరైనా డబ్బు ఎందుకు ఇస్తారు? ‘అభివృద్ధి’ అనే మాట కంటికి కనబడదు. ఆ డబ్బు ఏమవుతుందో అందులో లేదు. గుడికి మెట్టు కట్టిస్తామంటే ఇస్తారు, ఎందుకంటే రేపు వెళ్లి ఆ మెట్టు మీద కాలు పెట్టవచ్చు.

ఆగస్టు 31

శ్రావణమాసం చివరి ముహూర్తాలు. మా వీధిలో పెళ్లి. భోజనాలయ్యాక మండపం పక్కన బల్ల వేసి చదివింపులు రాస్తున్నారు. పెళ్లికూతురు మేనమామ గారు నోటుపుస్తకంలో పేరు, ఊరు, ఎంత అనేది రాసి గట్టిగా పైకి చదువుతున్నారు. అరగంట అక్కడే నిలబడి చూశాను. 116 ఇచ్చినవారి పేరూ అంతే గట్టిగా చదివారు, 10 వేలు ఇచ్చినవారి పేరూ అంతే గట్టిగా చదివారు. బిందె ఇచ్చినవారికి బిందె అని, చీర ఇచ్చినవారికి చీర అని రాశారు. ఎవరూ ‘విరాళం’ అనలేదు. రేపు ఇచ్చినవాళ్ల ఇంట్లో పెళ్లయితే, ఈ ఇంటివాళ్లు ఆ పుస్తకం తీసి చూసి, తామూ వెళ్లి చదివిస్తారు.

మనకు కావలసిన పద్ధతి ఇదే కదా అనిపించింది. ఇచ్చిన వస్తువు పేరుతో సహా రాస్తారు, నలుగురి ముందు చదువుతారు, పుస్తకం మిగులుతుంది. ఇంటికి వచ్చి మా అయిదుగురికీ ఫోన్లు చేశాను. గ్రంథాలయానికి చదివింపుల పుస్తకం పెడదాం అన్నాను. రైతుగారు వెంటనే, “మొదటి పేరు నాది రాయండి, రెండు కుర్చీలు” అన్నారు.

సెప్టెంబరు 6

ఈ వారమంతా డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీదే గడిచింది. చెప్పుకోవడానికి ఆసక్తి కలిగించని పని, కానీ ఊళ్లో ఏ మంచిపనికైనా మొదట చెడ్డపేరు వచ్చేది ఇక్కడే.

మా అయిదుగురి పేరున సంఘం లేదు. బ్యాంకులో సంఘం ఖాతా తెరవాలంటే రిజిస్ట్రేషన్ కాగితాలు అడిగారు. నా సొంత ఖాతా క్యూఆర్ కోడ్ అచ్చువేసి పంచడానికి నేను ఒప్పుకోలేదు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి గారు ఒక దారి చెప్పారు: డబ్బు మన చేతికి రానే కూడదు. కుర్చీ ఇస్తానన్న మనిషి కుర్చీల షాపులోనే కట్టాలి, బిల్లు ఆయన పేరునే ఉండాలి. వస్తువు గ్రంథాలయానికి చేరాక లైబ్రేరియన్ గారు స్టాకు రిజిస్టరులో రాసుకుని రసీదు ఇవ్వాలి. మన పని అడగడం, దింపించడం, పుస్తకంలో రాయడం. అంతే.

గ్రంథాలయం జిల్లా గ్రంథాలయ సంస్థది. వాళ్ల అనుమతి లేకుండా ఒక మేకు కూడా కొట్టకూడదు. వస్తురూపంలో తీసుకోవడానికి అనుమతి కోరుతూ సంస్థ కార్యదర్శి గారికి ఉత్తరం రాసి, లైబ్రేరియన్ గారి ద్వారా పంపాం. ఉత్తరంలో ప్రతి వస్తువు పేరు, సంఖ్య, ధర రాశాం. ధరల కోసం తెనాలిలో నాలుగు షాపులు తిరిగాను. 20 కుర్చీలు, ఒక్కోటి 720. ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 1,850. ట్యూబులైట్లు ఎనిమిది, ఇనుప ర్యాకులు రెండు, పిల్లలు కూర్చోవడానికి పొట్టి బల్లలు రెండు. మరో రెండు దినపత్రికలకు ఏడాది చందా. పోటీ పరీక్షల పుస్తకాలు రెండు సెట్లు. మరుగుదొడ్డికి తలుపు, గడియ, కుళాయి కలిపి 6,300. మొత్తం 59,530 రూపాయలు. ‘అభివృద్ధి’ అనే మాట ఈ జాబితాతో పూర్తిగా తీసేశాం.

ఇస్తానన్న ప్రతి ఒక్కరికీ ముందే ఒక సంగతి చెబుతున్నాం: దీనికి ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు రాదు. మందుల షాపు యజమాని “అది చెబితే ఒకరిద్దరు వెనక్కి తగ్గుతారేమో” అన్నారు. తగ్గనీ. తరవాత తెలిసి నొచ్చుకోవడం కంటే అది మేలు.

లైబ్రేరియన్ గారు మరో మాట చెప్పారు. కోల్‌కతాలో 1972లో ఏర్పాటైన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఉంది. రాష్ట్రం తన వాటా పెడితే, దానికి జతగా ఫౌండేషన్ కూడా పుస్తకాలకు, సామానుకు సాయం చేస్తుంది. అయితే అది ఊరి నుంచి నేరుగా అడిగేది కాదు, పై నుంచే వెళ్లాలి. మా జాబితా నకలు ఒకటి జిల్లాకు అదనంగా పంపించాం.

సెప్టెంబరు 15

ఈ రోజు జరిగినది నెమ్మదిగా రాయాలి.

మా ఇంటి పన్ను రసీదు జిరాక్సు తీస్తున్నాను, గ్యాసు పనికి కావాలని. యంత్రం కింద కాగితం మీద వెలుతురు పాకుతుంటే చిన్న గడి ఒకటి కంట పడింది. ఇంటి పన్ను 640. దాని కిందనే, ‘గ్రంథాలయ పన్ను 51.20’. ఇన్నేళ్లలో ఆ గడిని ఎప్పుడూ చదవలేదు. నీటి పన్ను, వీధి దీపాల పన్ను చూశాను కానీ అది చూడలేదు.

బ్యాంకు ఉద్యోగి గారిని అడిగితే చట్టం సంగతి వివరంగా చెప్పారు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. తెలంగాణలోనూ అంతే. 640కి 8 పైసల చొప్పున కడితే సరిగ్గా 51 రూపాయల 20 పైసలు. అంటే గ్రంథాలయానికి డబ్బు ఇవ్వమని ఊళ్లో ఎవరినీ కొత్తగా అడగనక్కరలేదు. ప్రతి ఇల్లూ ఏటా ఇస్తూనే ఉంది. ఇస్తున్నట్టు తెలియదు, అంతే.

రాత్రి 11 దాకా కూర్చుని కొత్త కరపత్రం తయారుచేశాను. రసీదును ఫొటో తీసి, పేరు, ఇంటి నంబరు తుడిచేసి, ఆ గడి చుట్టూ ఎర్రటి సున్నా చుట్టాను. పైన ఒకే వాక్యం: ‘మీ ఇంటి పన్ను రసీదులో ఈ గడి చూడండి.’ కింద రెండు వాక్యాలు: ‘గ్రంథాలయానికి మీరు డబ్బు కట్టేశారు. వచ్చి వాడుకోండి.’ ఆ తరవాత వేళలు, శుక్రవారం సెలవు, సభ్యత్వానికి ఏమేమి తేవాలో. విరాళం అనే మాటే లేదు. మా షాపు అమ్మాయి చూసి, “మరి డబ్బు ఎక్కడ అడుగుతాం అక్కా?” అంది. మొదట లోపలికి రానిద్దాం అన్నాను.

సెప్టెంబరు 24

వెయ్యి కరపత్రాలు అయిపోయాయి. కాగితం, ఇంకు కలిపి నాకు 900 ఖర్చయింది. పేపరు ఏజెంటు 300 తీసుకుని దినపత్రికల్లో పెట్టించారు. కానీ పేపర్లలో పెట్టినవాటి కంటే ఇంటింటికీ తీసుకెళ్లినవే పనిచేశాయి. ఒక్కో వీధికి ఇద్దరం వెళుతున్నాం. కరపత్రం ఇచ్చి, “మీ రసీదు ఒకసారి తీయండి” అంటాం. బీరువాలోంచో, దేవుడి గూట్లోంచో తీస్తారు. వాళ్ల వేలే ఆ గడి మీదికి వెళుతుంది.

కాలువ అవతల పొదుపు సంఘం లీడరు ఒకామె ఉంది. ఇల్లు ఆమె పేరునే ఉంది. రసీదు మీద 38.40 చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగిన మాటలు అలాగే రాసుకున్నాను: “ఎన్నేళ్ల నుంచి కడుతున్నానో! మా పిల్ల డీఎస్సీ పుస్తకాలు అద్దెకు తెచ్చుకుంటోంది. ఆ లైబ్రరీకి పంపవచ్చా?” పంపవచ్చని చెప్పాం. మరునాడు సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది, అరగంటలో వెళ్లిపోయింది. మా గ్రూప్స్ అమ్మాయి వెనకే వెళ్లి అడిగితే చెప్పింది: మూడు గంటలు కూర్చుని చదువుకోవాలంటే మరుగుదొడ్డికి తలుపైనా ఉండాలి కదా అక్కా.

ఆడవాళ్లు తొమ్మిది మందే ఎందుకన్నది ఆగస్టు నుంచి నా బుర్రలో ఉన్న ప్రశ్న. జవాబు 6,300 రూపాయల తలుపు.

జిల్లా నుంచి అనుమతి ఉత్తరం నిన్న వచ్చింది. 18 రోజులు పట్టింది. చదివింపుల పుస్తకం ఈ రోజే తెరిచాం.

అక్టోబరు 6

‘పాత పుస్తకాలు ఇవ్వండి’ అని ఒక ఆదివారం పెట్టాం. ఇది చేయకుండా ఉండాల్సింది. బళ్ల మీద వచ్చి పడ్డాయి. సిలబస్ మారిపోయిన గైడ్లు, చెదపట్టిన వారపత్రికలు, సగం నింపిన వర్కు పుస్తకాలు. అయిదుగురం రెండు రోజులు వేరుచేస్తే పనికొచ్చినవి 61. మిగతా వాటిని తరలించడానికి ట్రాలీ ఆటో మాట్లాడాల్సి వచ్చింది. రంగనాథన్ గారి మూడో సూత్రం ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడని. నిజమే, కానీ ఆ పాఠకుడు మన ఊళ్లో ఉన్నాడో లేడో ముందు చూసుకోవాలి. ఇకమీదట పుస్తకం ఇస్తామన్నవారికి లైబ్రేరియన్ గారి దగ్గరున్న ‘పాఠకులు అడిగినవి’ జాబితా చూపించి, అందులోంచే కొనివ్వమంటాం.

ఆ 61లో ఒకటి వ్యవసాయం మీది, బోదె తడి గురించి. రైతుగారు అప్పుడే తీసుకెళ్లారు.

అక్టోబరు 20

దసరా సెలవుల తరవాత ఖాళీ చూసుకుని ముగ్గురం వేటపాలెం వెళ్లి వచ్చాం. తెనాలిలో రైలెక్కితే బాపట్ల, చీరాల దాటగానే వస్తుంది. సారస్వత నికేతనం చూడాలని ఎప్పటి నుంచో కోరిక. 1918లో పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడే భద్రంగా ఉంది. పాత పత్రికల సంపుటాలు చూస్తుంటే వెనక్కి రావాలనిపించలేదు. ఒక చేనేత ఊళ్లో, ప్రైవేటుగా మొదలైన గ్రంథాలయం నూరేళ్లు దాటి నిలబడింది. నా కంటికి అక్కడ కనబడింది ధనం కాదు, వాడకం. ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు ఆ కాగితాల కోసం వెతుక్కుంటూ వస్తారు. వచ్చేవాళ్లు ఉన్నంత కాలం నిలబెట్టేవాళ్లూ దొరుకుతారు.

తిరుగు ప్రయాణంలో పడవ ఆలోచన వచ్చింది. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు మా కృష్ణా పశ్చిమ డెల్టాలోనే, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. పడవ ఆగిన రేవులో జనం పుస్తకాలు తీసుకుని, తిరిగి వచ్చినప్పుడు ఇచ్చేవారు. రోడ్లు సరిగా లేని రోజుల్లో పాఠకుడి దగ్గరికి పుస్తకం వెళ్లింది. మా ఊరి పిల్లల్లో ఒక్కరికీ ఇది తెలియదు. నాకే ముప్ఫై ఏళ్లు దాటాక తెలిసింది. వారోత్సవాలకు మేము చేయబోయే ప్రచారం ఇదే. పడవ కడదాం.

నవంబరు 9

చదివింపుల పుస్తకంలో ఇప్పటికి 31 పేర్లు. కుర్చీలు 20 పూర్తయ్యాయి. రెండు కుర్చీలు మించి ఇస్తానన్నవారిని పిల్లల బల్లల వైపు మళ్లించాం. ఫ్యాన్లు మూడూ వచ్చాయి. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఒకటి ట్యూబులైట్లన్నీ తీసుకుంది. టైలరు బాబాయి ఒక పత్రిక చందా కట్టారు. “నేను చదవలేను, నా దగ్గర కూర్చునేవాళ్లు వచ్చి చెబుతారు” అన్నారు. మరో చందా, ఒక ర్యాకు, పోటీ పరీక్షల పుస్తకాలు ఒక సెట్టు కూడా వచ్చాయి.

తలుపుకు మాత్రం ఎవరూ రాలేదు. పుస్తకంలో ఆ గీత ఖాళీగానే ఉంది. ఎవరిని అడిగినా, “ఇంకేదైనా చెప్పండి అమ్మా, బీరువా లాంటిది” అంటున్నారు. మరుగుదొడ్డి తలుపు పక్కన తమ పేరు చదవడం ఎవరికీ ఇష్టం లేదు. అర్థం చేసుకోగలను. కానీ మొత్తం జాబితాలో ఒక్క వస్తువే ఇవ్వమంటే నేను అడిగేది దాన్నే.

ఇంకో నిర్ణయం. ఫ్యాన్ల రెక్కల మీద, కుర్చీల వీపుల మీద దాతల పేర్లు రాయించవద్దనుకున్నాం. వస్తువు విరిగాక పేరు కూడా మూలన పడుతుంది. పుస్తకంలో రాస్తాం, మైకులో చదువుతాం, ఏటా వారోత్సవాల చివరి రోజున ఆ ఏటి పేర్లు మళ్లీ చదువుతాం. ఒకాయన మాత్రం దీనికి నొచ్చుకుని ఇస్తానన్న ర్యాకు ఇవ్వలేదు.

నవంబరు 20

వారోత్సవాలు ముగిశాయి. గొంతు పోయింది.

14న పిల్లల గది తెరిచాం. ఆ గది మధ్యలో పడవ. వడ్రంగి పాత ప్లైవుడ్డు ముక్కలతో చేసిచ్చాడు, పొడుగు తొమ్మిదడుగులు. హైస్కూలు పిల్లలు రంగులు వేశారు. లోపల రెండు వరుసలుగా బొమ్మల పుస్తకాలు. పక్కన ఒకే బోర్డు: 1935లో మన కాలువలో ఇలాంటి పడవ తిరిగింది. పిల్లలు పడవలోకి దిగి కూర్చుని చదివారు. మొదటి రోజు సాయంత్రం ఏడింటికి తలుపు వేయబోతే ఒక చిన్నవాడు అట్ట ఊడిన పుస్తకం గుండెకు హత్తుకుని, “సభ్యత్వం ఎంత?” అన్నాడు. వాళ్ల నాన్న మరునాడు డిపాజిట్ కట్టారు.

మైకు ఆటో తిప్పడం మాత్రం వృథా అయింది. ఎవరూ దాన్ని విని రాలేదు. అడిగినవాళ్లంతా పిల్లలు చెబితే వచ్చామన్నారు, లేదంటే రసీదు కాగితం చూసి వచ్చామన్నారు.

ఈ రోజు సాయంత్రం చదివింపులు చదివాం. ఆ పెళ్లిలో చదివిన మేనమామ గారినే అడిగితే సంతోషంగా వచ్చారు. అదే గొంతు. “ఫలానా వీధి, ఫలానా వారు, కుర్చీ ఒకటి.” ప్రతి పేరుకూ ఆ మనిషి ఎక్కడున్నా తలెత్తారు. మొత్తం 44,030 రూపాయల సామాను. ఖాళీ గీతలు మూడు: ఒక ర్యాకు, పరీక్షల పుస్తకాలు ఒక సెట్టు, తలుపు. ఆయన ఆ మూడూ కూడా చదివారు, “ఇవి ఇంకా రావాలి” అని.

కింద కూర్చున్న పొదుపు సంఘం లీడరు లేచింది. వాళ్ల సంఘంలో పదిమంది, పక్క సంఘంలో పదిమంది. “తలుపు మేం పెట్టిస్తాం. వాడేది మా ఆడపిల్లలే కదా. పేరు గట్టిగానే చదవండి” అంది. ఆయన చదివారు. నేను పుస్తకంలో రాశాను. చెయ్యి కొంచెం వణికింది.

డిసెంబరు 8

మళ్లీ ఆరు రోజుల లెక్క, అదే పద్ధతిలో. 468 మంది. ఆడవాళ్లు 121 మంది. తలుపు ఇంకా బిగించలేదు, కొలతలు తీసుకున్నారు. ప్రస్తుతానికి పరదా కట్టి లోపల గడియ పెట్టే ఏర్పాటు ఏదో చేశారు, అంతకే ఇంత మార్పు.

రెండో సంగతి. అక్టోబరులో బ్యాంకు ఉద్యోగి గారు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టారు. ఊరి స్థాయి కార్యాలయానికి రుసుము కూడా లేదు. మూడేళ్లలో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు అని రెండే ప్రశ్నలు. జవాబు గడువులోనే వచ్చింది. వసూలు 4 లక్షల 8 వేలు. జమ 1 లక్షా 22 వేలు. తేడా 2 లక్షల 86 వేలు.

కాగితం చూసి అందరం మౌనంగా ఉన్నాం. మేము నాలుగు నెలలు ఇంటింటికీ తిరిగి తెచ్చిన సామాను విలువ దానిలో ఆరో వంతు కూడా లేదు. జనం కట్టిన డబ్బు జనం గ్రంథాలయాలకు చేరక, అదే జనాన్ని కుర్చీ ఇవ్వమని మళ్లీ అడిగాం. ఆ కుర్చీల మీద గౌరవం నాకు ఏమాత్రం తగ్గలేదు. కానీ చదివింపులు పన్నుకు బదులు కావు, కాకూడదు. ఇల్లు గడవడానికి జీతం ఉండాలి. చదివింపులు శుభకార్యానికి.

జమ అయిన పన్ను నేరుగా మా శాఖకే తిరిగి రాదు. జిల్లా అంతటి గ్రంథాలయాలకు కలిపి ఖర్చవుతుంది. అది మా కోరికకు అడ్డు కాదు. మన ఊరి తలుపు అడిగినట్టే పక్క ఊరి ఫ్యాన్ కూడా అడుగుదాం అన్నారు రైతుగారు.

ఆగస్టులో ఈ అంకెలు మా చేతికొస్తే అయిదుగురం అర్జీ పట్టుకుని వెళ్లేవాళ్లం. ఇప్పుడు అర్జీ మీద 340 సంతకాలున్నాయి. ప్రతి సంతకం పక్కన వాళ్ల రసీదు నంబరు.

జనవరి 16

సంక్రాంతికి ఊరు నిండింది. డాలస్‌లో ఉంటున్న నా క్లాస్‌మేటు ఒకడు గ్రంథాలయానికి వచ్చాడు. పడవ చూసి, మొత్తం గదికి ఏసీ పెట్టిస్తానన్నాడు, డబ్బు పంపిస్తానన్నాడు. వద్దని చెప్పడం నాకు సులువు కాలేదు. అతను అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. విదేశీ పౌరుల నుంచి ఇలాంటి పనులకు డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి, మాకు లేదు. భారత పాస్‌పోర్టు మీదే ఉన్న ప్రవాసులు సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అందుకే సింగపూర్‌లో ఉంటున్న మరో క్లాస్‌మేటు తెనాలి షాపుకు నేరుగా కట్టిన ర్యాకు తీసుకున్నాం. డాలస్ స్నేహితుడికి విడమరిచి చెబితే అర్థం చేసుకున్నాడు. డబ్బుకు బదులు రెండు గంటలు అడిగాను. కనుమ నాడు సాయంత్రం పడవ అంచున కూర్చుని 26 మంది పిల్లలకు కథ చదివాడు. తెలుగు అక్షరాలు చదివి చాలా ఏళ్లయిందట, మొదటి పేజీలో తడబడ్డాడు. ముందు వరుసలో కూర్చున్న పాప మాట అందించింది.

ఏసీ మాకు కావాలా అన్నది వేరే చర్చ. నా మట్టుకు ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారో తెలిసేదాకా వద్దు.

జనవరి 28

గ్రామసభలో అర్జీ చదివారు. బకాయిలో మొదటి విడతగా 60 వేలు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేస్తామని తీర్మానం రాసుకున్నారు. మిగతాది ఎప్పుడన్నది రాయలేదు. తీర్మానం నకలు అడిగి తీసుకున్నాం. మార్చిలో జమ రసీదు చూపించమని అడగడానికి నలుగురి పేర్లు వేసుకున్నాం, అందులో ఇద్దరు పొదుపు సంఘం వాళ్లు.

పుస్తకంలో ఇక మిగిలిన ఖాళీ గీత ఒక్కటే, పరీక్షల పుస్తకాల రెండో సెట్టు. పత్రికల చందాలు సెప్టెంబరులో మళ్లీ కట్టాలి, అది క్యాలెండరు మీద గుర్తు పెట్టాను. పడవ ముందు భాగంలో ఒక పలక ఊడింది.

వడ్రంగి సాయంత్రం షాపుకు వచ్చి తలుపు తయారైందని చెప్పాడు. రేపు లైబ్రేరియన్ గారు 8కి తాళం తీస్తారు. తొమ్మిదింటికల్లా బిగించేస్తానన్నాడు.